పెళ్లికూతురి వెనకాలే

దీవి,
ఫిబ్రవరి 4

చెల్లీ,

మొగుణ్ని వదిలి వచ్చేశానని నువ్వు రాసిన ముక్క చదివి ఒడ్డున నిలబడి గట్టిగా కేక పెట్టాను. పడవ నడిపేవాడు నాకు పిచ్చెక్కిందనుకున్నాడు. అనుకోనీ. మణికట్టు విరిగేదాకా ఆగావు చూడు, అదే నాకు ఒళ్లు మండే సంగతి. మొదటి చెంపదెబ్బకే రావాల్సింది. సరేలే, ఇప్పుడు తిట్టను. తిట్టడానికి బోలెడు టైముంది.

ఫోను పారేసి మంచి పని చేశావు. ఇక్కడ నాకూ ఫోను ఉన్నా లేనట్టే, సిగ్నలు రాదు. పడవ వచ్చినప్పుడే ఉత్తరాలు. కింద లాండ్రీలో పని, పైన గదిలో పడక అన్నావు. ఆ లాండ్రీ ఆవిడ ఎవరో గానీ నా తరఫున కూడా ఓ దండం పెట్టు.

అమ్మకి మాత్రం ఎక్కడున్నావో చెప్పు. వాడి ఇంటి పక్క వీధిలోనే ఉంటూ, రోజూ వాడి మొహం చూస్తూ, నువ్వు బతికున్నావో లేదో తెలియక ఆవిడ సగమైపోతుంది. అమ్మ చచ్చినా నోరు విప్పదు. దానికి నాది పూచీ.

నా ఉద్యోగం సంగతి అడిగావు. "మా అక్క అంతరించిపోయే పక్షుల్ని కాపాడుతుంది" అని ఊరంతా చెప్పుకుంటావు కదా, విను. ఎక్కడో ఓడరేవు కట్టే కంపెనీ ఒకటి పక్షులుండే చోటు పూడ్చేస్తోంది. పూడ్చినందుకు బదులుగా అదే పక్షికి ఇంకో చోటు బాగుచేసి ఇవ్వాలని చట్టం. ఆ చోటు ఈ దీవి. బాగుచేయించే కన్సల్టెంట్ నేను. ఆ పక్షి నేలలో బొరియ తవ్వుకుని ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. ఎప్పుడో నావికులు వదిలిపోయిన మేకలు ఇక్కడ మందలు మందలైపోయి, గడ్డి వేళ్లతో సహా మేసేసి, బొరియల్ని తొక్కి కూల్చేస్తున్నాయి. పక్షిపిల్లలు లోపలే చస్తున్నాయి. కాబట్టి తల్లీ, నా ఉద్యోగం మేకల్ని చంపించడం. ఒక్కటి కూడా మిగలకుండా.

కొండల్లో దాక్కున్న మందల్ని వెతకడం మనుషుల వల్ల కాదు. దానికో పద్ధతుంది. ఒక ఆడమేకని పట్టుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, మెడకి పట్టీ కట్టి వదిలేస్తాం. పట్టీకి అగ్గిపెట్టంత డబ్బా ఉంటుంది. మేక ఎక్కడుందో ఆ డబ్బా నా చేతిలో యంత్రానికి చెబుతుంది. మేకకి ఒంటరిగా ఉండటం చేతకాదు, ఎలాగోలా తోటిమేకల్ని వెతుక్కుంటుంది. మేం వెనకాలే వెళ్లి, దాన్నొక్కదాన్నీ వదిలి మిగతావాటిని కాల్చేస్తాం. అది బెదిరిపోయి ఇంకో మందని వెతుక్కుంటుంది. మళ్లీ మేం వెనకాలే. మెడలో పట్టీ చూసి మా ముసలి షూటరు దానికి "పెళ్లికూతురు" అని పేరు పెట్టాడు. ఇంకో రెండు పట్టీలుంటే పని తొందరగా తెమిలేది. మీ ఆయన మా కంపెనీలో నా కింద పనిచేసి మానేసినప్పుడు మాయమైనవి ఇంతవరకూ దొరకలేదు.

నిన్న ఒక లోయలో మంద మొత్తం పడిపోయాక, ఒక పిల్లమేక చచ్చిన తల్లి పొదుగు వదల్లేదు. ముసలి షూటరు దానికి తూటా వాడలేదు, కత్తి వాడాడు. నేను తల తిప్పుకోలేదు. చూడటం కూడా నా పనే.

చేయి ఎలా ఉందో రాయి.

నిన్ను తిట్టే హక్కు వదులుకోని
అక్క


లాండ్రీ,
ఫిబ్రవరి 19

అక్కా,

ఎడం చేత్తో రాస్తున్నాను, అక్షరాలు కోడి గీతల్లా ఉంటే సర్దుకో.

నువ్వు చెప్పినట్టే అమ్మకి కబురు పెట్టాను. ఆదివారం వచ్చింది. చక్రాలున్న కొత్త నీలం సంచి ఒకటి లాక్కుంటూ, దానినిండా నా బట్టలూ, నా దువ్వెనా, నేను చిన్నప్పుడు కప్పుకున్న దుప్పటీ. వచ్చీ రాగానే నా కట్టు చూసి గుమ్మంలోనే కూలబడింది. తర్వాత లేచి, ఎవరూ అడక్కుండానే కింద గుట్టగా ఉన్న హోటలు దుప్పట్లన్నీ మడత పెట్టేసింది. అమ్మ సంగతి నీకు తెలుసుగా, ఏడుపొస్తే చేతులకి పని కావాలి.

మంగళవారం మధ్యాహ్నం ఆయన వచ్చాడు.

నేను పై గదిలో ఉన్నాను. కింద లాండ్రీ ఆవిడ గొంతు వినబడింది. "ఇక్కడ అట్లాంటి వాళ్లెవరూ లేరయ్యా" అంటోంది. తర్వాత ఒక కేక. అక్కా, అలాంటి కేక నేను వినలేదు, నా నోట్లోంచి కూడా. ఆవిడ అరచెయ్యి తీసి కాలుతున్న ఇస్త్రీ యంత్రం కింద పెట్టి నొక్కాడు. "ఇప్పుడు చెప్పు, ఉందా లేదా?" అని అడుగుతున్నాడు, టైమెంతయిందని అడిగినంత మామూలుగా. ఆవిడ చెప్పలేదు. నేను మాసిన బట్టలు కిందికి జారవిడిచే గొట్టంలో దూరి వెనక సందులోకి పడ్డాను. ఆవిడ అక్కడ కాలిపోతుంటే నేను పారిపోయాను. దీనికి నువ్వు తిట్టు, పడతాను.

పోలీసులు కాగితం రాసుకుని, రెండు మాటలు చెప్పి ఆయన్ని పంపేశారు. రాత్రికి నేను మళ్లీ లాండ్రీకే వచ్చాను, ఇంకెక్కడికి పోను? ఆయనకి ఎలా తెలిసిందో నాకు అంతుపట్టడం లేదు. నువ్వు, అమ్మ, అంతే కదా. అమ్మ చెప్పలేదని ఒట్టేసింది.

ఆ మేకల సంగతి ఇంక రాయకు. కాపాడటం అంటే ఇదని ముందే చెబితే ఊళ్లో గొప్పలు చెప్పేదాన్ని కాదు.

నీ చెల్లి


దీవి,
మార్చి 1

చెల్లీ,

ఇంకా "ఆయన" ఏమిటే? చెయ్యి విరిచినవాడికి, ఆడమనిషి అరచెయ్యి కాల్చినవాడికి మర్యాదలా? ఆ మాట చూసి నాకు తిక్క రేగింది. ఉత్తరం నలిపి పారేసి, మళ్లీ ఏరి తెచ్చుకుని చదివాను.

లాండ్రీలో బట్టలు తెచ్చే, ఇచ్చే డ్రైవర్లుంటారు కదా, వాళ్లలోనే ఎవరో వాగుంటారు. ఆ చోటు వదిలెయ్. మా ఆఫీసులో ఇదివరకు టైపిస్టుగా చేసి రిటైరైన ఆవిడ ఉంది. ఒంటరి మనిషి, నేనంటే ప్రాణం పెడుతుంది. అడ్రసు విడిగా కాగితం మీద రాశాను. చదివి చించెయ్. ఆవిడకీ ఈ పడవలోనే రాస్తున్నాను. వాడు మా ఆఫీసులో చేసిన రోజుల్లో కూడా ఆవిడకి వాడంటే గిట్టేది కాదు. మనుషుల్ని చదవడంలో నాకంటే ఆవిడే నయం. నేను మాత్రం, కొండలెక్కడంలో వాడంతటివాడు లేడు, గంటలకొద్దీ కదలకుండా కాపు కాస్తాడు, ఎంత ఓపికో అని మురిసిపోయి మన ఇంటికి తీసుకొచ్చి నీకు చూపించాను.

మేకల సంగతి రాయొద్దన్నావు. ఇంకేం రాయను? ఇక్కడ అవే ఉన్నాయి. మొన్న గాయపడ్డ పోతుమేక ఒకటి ఎదురుతిరిగి మా కుర్ర షూటర్ని కొండ అంచు మీంచి నెట్టేసింది. తొడ ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. అతన్ని పడవలో పంపించి, నెత్తురు కడిగి, మళ్లీ పని మొదలుపెట్టాం. పెళ్లికూతురు కాలికి ముల్లు గుచ్చుకుంటే దాన్ని పట్టి నేనే ముల్లు తీసి మందు రాశాను. ఉప్పు గడ్డ కూడా పెడుతున్నాను. ఇప్పుడు నన్ను చూస్తే పారిపోదు సరికదా, వచ్చి నా జేబు మూతితో పొడుస్తుంది. ముసలి షూటరు అంటాడు, "దీనికంటే మనల్ని మంచివాళ్లనుకునే ప్రాణి ఈ దీవిలో లేదమ్మా" అని.

లాండ్రీ ఆవిడ చెయ్యి ఎలా ఉంది? ఆవిడకి నా మొహం ఎలా చూపించాలో తెలియడం లేదు.

అక్క


మార్చి 20

అక్కా,

ఎక్కడి నుంచి రాస్తున్నానో పైన రాయలేదు. గమనించావా? కావాలనే రాయలేదు.

టైపిస్టు గారింట్లో పన్నెండు రోజులు సుఖంగా ఉన్నాను. ఆవిడ నాకు టైపు నేర్పడం మొదలుపెట్టింది. చెయ్యి బాగుపడుతుంది, పని కూడా వస్తుంది అని. అమ్మ ఆదివారం వచ్చి వెళ్లింది. సోమవారం పొద్దున్నే ఆయన తలుపు గొళ్లెం ఊడగొట్టి లోపలికొచ్చాడు. టైపిస్టు గారు అడ్డం నిలబడింది. అరవై దాటిన మనిషి, నా భుజం దాకా కూడా రాదు. ఆవిడ మెడ పట్టుకుని మెట్ల మీద నుంచి తోశాడు. ఒక్కో మెట్టుకీ ఆవిడ తల తగిలిన చప్పుడు నా చెవుల్లో ఇంకా పోవడం లేదు. తుంటి ఎముక రెండు ముక్కలైందట, ఇంక నడవదట. నా జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. ముందు పళ్లు రెండు పోయాయి. ఒకటి మింగేశాననుకుంటాను. టైపు మిషను ఎత్తి ఆయన మోకాలి మీద వేసి తప్పించుకున్నాను. పోలీసులొచ్చి "మొగుడూ పెళ్లాల గొడవల్లో పెద్దావిడ ఎందుకు దూరింది" అన్నారు.

ఇప్పుడు చెప్పు. ఆ అడ్రసు ఇచ్చింది నువ్వు. ఆవిడ మీ ఆఫీసు మనిషి. ఆయనా మీ ఆఫీసు మనిషే. సంబంధం తెచ్చిందీ నువ్వే. ఎవరికి ఏం రాశావు? మీ ఆఫీసులో ఎవరితో గొప్పగా చెప్పుకున్నావు? ఊరికే నోరు జారి ఉంటావని ముందు సర్దిచెప్పుకున్నాను. తర్వాత నీ ఉత్తరాలు మళ్లీ చదివాను. పిల్లమేక గొంతు కోస్తుంటే తల తిప్పుకోలేదని రాశావు. నీకు అలవాటైపోయిందక్కా. ఒకటి చస్తే ఇంకొకటి బతుకుతుందని లెక్క వేసుకునే మనిషివి అయిపోయావు. ఆ లెక్కలో నేను ఎటువైపున్నానో నాకు తెలియదు.

అమ్మని అనుమానించమంటావా? ఆవిడ చేత ఒక్క ముక్క చెప్పించలేకపోయాడు. అసలు అడగనే లేదట! "ఎక్కడుందో నాకు చెప్పొద్దు అత్తయ్యా, అడిగే మొహం కూడా లేదు నాకు. మీరు మాత్రం వెళ్లి చూసి వస్తూ ఉండండి, అది చాలు" అన్నాడట. ఆ చక్రాల సంచి కూడా ఆయనే కొనిచ్చాడట, అమ్మకి నడుం నొప్పని. బస్సు దాకా తనే లాక్కెళ్లి ఎక్కిస్తాడట. అమ్మ పిచ్చిది, "కోపంలో రాక్షసుడు గానీ, మనసులో ఏదో మూల మంచితనం ఉందే" అంటోంది.

నేనిప్పుడు ఎక్కడున్నానో అమ్మకొక్కదానికే చెప్పాను. నీకు చెప్పను. మళ్లీ రాయను.


దీవి,
మార్చి 29

లాండ్రీ అమ్మగారికి,

మీ చెయ్యి కాల్చినవాడు నా మరిది. మీకు ఉత్తరం రాసే అర్హత నాకు లేదు. కానీ మా చెల్లి ఎక్కడుందో నాకు తెలియదు, అమ్మకి రాస్తే ఆ ఉత్తరం ముందు వాడి చేతిలో పడుతుంది. మీకు తెలిసి ఉంటే, ఎక్కడున్నా సరే, కింది కాగితం దాని చేతికి చేర్చండి. ఆలస్యమైతే అది బతకదు.

చెల్లీ,

నన్ను తర్వాత తిట్టు. ముందు అమ్మ సంచి కోసి చూడు. అడుగున, అట్ట కింద చూడు.

వాడెందుకు అడగలేదో నీకు అర్థం కాలేదా? మేం కూడా పెళ్లికూతుర్ని ఏమీ అడగం. తరమం, కొట్టం, బెదిరించం. కాలికి మందు రాస్తాం, ఉప్పు పెడతాం, దారి చూపించి "వెళ్లు తల్లీ" అంటాం. దానికి తెలియకుండానే అది మమ్మల్ని తీసుకెళ్తుంది. నీ ఉత్తరంలో "అడగనే లేదట" అన్నచోట ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాను. మాయమైన రెండు పట్టీలూ ఎక్కడికి పోయాయో నాకిప్పుడు తెలుసు. ఆ పద్ధతి వాడికి నేర్పింది నేనే. పక్కన కూర్చోబెట్టుకుని, యంత్రం చేతికిచ్చి నేర్పాను. "తొందరపడకు, అది మంద దగ్గరికి చేరేదాకా ఆగాలి" అని చెప్పాను. అమ్మ ఆదివారం వస్తే వాడు ఆదివారం రాడు. ఒక రోజో రెండు రోజులో ఆగి వస్తాడు. అవునా, కాదా?

నేను ఎవరికీ చెప్పలేదు. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్. సంచి మాత్రం కోసి చూడు.

డబ్బా దొరికితే పగలగొట్టకు. పగిలితే వాడికి తెలిసిపోతుంది, ఇంకో ఎత్తు వేస్తాడు. నువ్వున్న చోటి నుంచి దూరంగా, మనుషులు ఎక్కువమంది ఉండే చోటికి దాన్ని చేర్చు. తర్వాత ఏం చెయ్యాలో అక్కడివాళ్లకి తెలుస్తుంది.

ఈ పడవ తప్పితే మళ్లీ వారానికి గాని లేదు. ఈ ఉత్తరం పడవ ఎక్కించమని ముసలి షూటర్ని తుపాకీ పక్కన పెట్టించి కొండ దిగి పరిగెత్తిస్తున్నాను.

అక్క


ఏప్రిల్ 9

అక్కా,

రాయనని ఒట్టుపెట్టుకున్న మూతితోనే రాస్తున్నాను. మూతి ఇంకా వాచే ఉంది.

నన్ను దాచింది లాండ్రీ ఆవిడే. కాలిన చెయ్యికి కట్టుతోనే వచ్చి, తన తమ్ముడి గోడౌనులో సబ్బు బస్తాల వెనక మంచం వేయించింది. నీ ఉత్తరం ఆవిడే పట్టుకొచ్చింది. అది వచ్చేసరికి అమ్మ నా పక్కనే కూర్చుని ఉంది, సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని. అప్పుడే దిగింది.

నేను కత్తెర తీసి అడుగు కోశాను. అట్ట కింద ఉంది, అగ్గిపెట్టంత. మీ కంపెనీ నంబరు చెక్కి ఉంది. అమ్మకి ఏమీ అర్థం కాలేదు. నీ ఉత్తరం పైకి చదివి వినిపించాను. మేక సంగతి వచ్చాక అమ్మ నన్ను ఆపమంది. "టైపిస్టమ్మ ఇంటికీ నేనేనా?" అంది. రెండు చేతులతో నెత్తి మీద టపటపా కొట్టుకుంది, మేం పట్టుకున్నా ఆగలేదు. కాసేపటికి తనే ఆగి, ముక్కు చీదుకుని, "మళ్లీ ఎప్పుడొస్తాడు వాడు?" అని అడిగింది. అక్కా, నా పెళ్లయింది మొదలు అమ్మ అల్లుణ్ని "వాడు" అనడం అదే మొదటిసారి.

సంచి తీసుకుని అందరం లాండ్రీకి వెళ్లిపోయాం. ఉతికిన దుప్పట్లు ఆరేసే పెద్ద హాలుంది కదా, దాని నడుమ స్టూలు వేసుకుని అమ్మ కూర్చుంది, సంచి ఒళ్లో పెట్టుకుని. లాండ్రీలో పనిచేసే ఆడవాళ్లం దుప్పట్ల వెనక నిలబడ్డాం. తడి దుప్పటి మెలిపెట్టి ముడి వేస్తే ఎంత బరువుంటుందో నీకు తెలియదు. కర్ర పగిలిపోతుంది గానీ అది పగలదు.

మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు, చేతిలో ఇనప రాడ్డు. అమ్మని చూసి నవ్వాడు. "ఎక్కడత్తయ్యా అది?" అన్నాడు. అడిగాడు చూడు, చివరికి! అమ్మ సంచి తిరగేసి డబ్బా నేల మీద పడేసి, "ఇదిగో అల్లుడూ, నీ మేక" అంది. రాడ్డు అమ్మ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు పరాయిది కాదు కదా, అంత దూరం నుంచీ గుర్తుపట్టాను.

తర్వాత అంతా ఒక్కసారిగా జరిగింది. ఎవరి దెబ్బకి వాడి దవడ విరిగిందో తెలియదు. నేను మోకాళ్ల మీద కొట్టాను, మొహం మీద కొట్టాను, దుప్పటి ఎర్రబడ్డాక కూడా కొట్టాను. హాయిగా ఉందక్కా. సిగ్గు లేకుండా చెబుతున్నాను, హాయిగా ఉంది. నిన్ను "అలవాటైపోయింది" అన్నాను కదా, నాకు అలవాటు కావడానికి ఒక్క మధ్యాహ్నం పట్టింది. లాండ్రీ ఆవిడ వాడి కుడి చెయ్యి పట్టుకుని కాలుతున్న ఇస్త్రీ యంత్రం దాకా ఈడ్చుకెళ్లింది. మేమెవరం ఆపలేదు. విరిగిన భుజంతో అమ్మ కింద పడున్నదల్లా "వద్దు" అంది. "వాడి కోసం కాదమ్మా. ఆ వాసన నీకు జన్మలో పోదు" అంది. లాండ్రీ ఆవిడ చెయ్యి వదిలేసి, వాడి మీద ఉమ్మేసింది.

పోలీసులు వచ్చారు. రాడ్డు, డబ్బా, అమ్మ భుజం, నా పళ్లు, టైపిస్టు గారి తుంటి. ఈసారి మొగుడూ పెళ్లాల గొడవ అనలేకపోయారు. వాడు తాళం వేసిన వార్డులో ఉన్నాడు. లేచాక జైలుకేనట.

నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకోవడం కుదరదు, ఉత్తరంలో పడ్డాయి కదా. చించెయ్.

అమ్మ రోజూ ఒకటే అడుగుతోంది. "ఆ పెళ్లికూతుర్ని చివరికి ఏం చేస్తారే?" అని. పని అయిపోయాక దాన్ని వదిలేస్తారా అక్కా? చంపకండి. దాని తప్పేం లేదు కదా. ఏం చేశారో రాయి. అమ్మ నిద్రపోవడం లేదు.

చెల్లి


దీవి,
ఏప్రిల్ 21

చెల్లీ,

నువ్వు బతికున్నావు. మిగతా ఉత్తరం ఆ తర్వాత చదివాను. ఒడ్డునే కూర్చుని, ఇసకలో మొహం పెట్టి ఏడ్చాను. నీ పాత ఉత్తరం చించను. అందులో ఉన్నది అబద్ధం కాదు.

మందలన్నీ అయిపోయాయి. ఆఖరున పెళ్లికూతురు దీవి అంతా తిరిగింది, ఈ కొస నుంచి ఆ కొసకి, అరుచుకుంటూ. ఎవరూ పలకలేదు. తర్వాత మా గుడారం దగ్గరికి వచ్చేసింది. ఇంకెవరూ లేరు కదా దానికి.

ఒక్క మేకే అయినా బొరియలు తొక్కుతుంది. వచ్చేముందే సంతకం పెట్టాను, ఒక్కటి కూడా మిగలకూడదని. ముసలి షూటరు తుపాకీ పట్టుకుని, "నా వల్ల కాదమ్మా, దీన్ని" అని పక్కకి తప్పుకున్నాడు. "చంపకండి" అన్న నీ ముక్క నాకు అందడానికి రెండు రోజుల ముందు సంగతి ఇది. ముందే అందితే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. అందలేదు.

దాన్ని పిలిచాను. వచ్చి జేబు పొడిచింది. ఉప్పు పెట్టాను. అది నాకుతుంటే ముందు మెడలో పట్టీ విప్పాను. పట్టీ కింద బొచ్చంతా రాలిపోయి పుండు పడి ఉంది. తుడిచాను. తర్వాత నేనే కాల్చాను. ఒక్క తూటాకే పోయింది. తల తిప్పుకోలేదు.

ఇదంతా నీకు. అమ్మతో పట్టీ తీసేశానని మాత్రం చెప్పు. అది నిజమే కదా. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే నేనొచ్చాక అడగమను, చెబుతాను.

కూలిపోయిన బొరియల పక్కన పక్షులు కొత్తవి తవ్వుతున్నాయి. ఒకదానికి చెవి ఆనించి విన్నాను, లోపల పిల్ల ఉంది. ముసలి షూటరు కూడా బోర్లా పడుకుని విన్నాడు. మాకు ఒకరి మొహాలొకరం చూసుకోవడానికి కాసేపు పట్టింది.

వచ్చే పడవలో నేనూ వస్తున్నాను. నువ్వెక్కడున్నావో రాయకు. కాగితం మీద అసలే పెట్టకు, నాకోసమైనా సరే. రెండో పట్టీ ఎక్కడుందో ఇంకా తెలియదు. ఆదివారం పొద్దున అమ్మని రేవుకి పంపు, భుజం కట్టుతో నడవగలిగితే. సంచీ గించీ ఏమీ వద్దు, ఉత్త చేతులతో రమ్మను. నన్ను చూసి ఆగొద్దను, మాట్లాడొద్దను. ఇంటికి నడవమను, చాలు.

నేను అమ్మ వెనకాలే వస్తాను.

అక్క